డోర్ ప్యాడ్ విప్పడం సులువే, వెనకున్న షీట్‌తోనే జాగ్రత్త

చెన్నైలో అక్టోబర్ దగ్గరపడుతుంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నీ ఒకే దారి పడతాయి. అద్దం లేవట్లేదు, డోర్ కింద తుప్పు పట్టింది, కాళ్ల దగ్గర తడిగా ఉంటోంది. ఏడాదిలో ఇక్కడ పడే వానలో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ నెలల మధ్యే కురుస్తుంది కాబట్టి ఆ తొందర అర్థమయ్యేదే. ఈసారి వ్యాన్ల వాళ్లే ఎక్కువ రాశారు. ఉత్తరాలు కాస్త కుదించాను, జవాబులు మాత్రం కుదించలేదు.

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నెల్లూరు వైపు, అంబత్తూరులో ఉంటున్నాం. హోటళ్లకు ఇడ్లీ పిండి వేసే పని, దానికి పాత ఓమ్నీ ఒకటి ఉంది. డ్రైవర్ పక్క గ్లాస్ హ్యాండిల్ తిప్పుతుంటే ఉత్తినే తిరుగుతోంది, అద్దం సగంలో ఆగిపోయింది. దగ్గర్లో షెడ్డులో అడిగితే డోర్ మొత్తం విప్పాలి, సాయంత్రం దాకా బండి వదిలెయ్యమన్నారు. బండి ఒక్క పూట ఆగినా నాకు నష్టమే. ఆదివారం నేనే డోర్ ప్యాడ్ విప్పి చూసుకోవచ్చా? ఏదన్నా విరగ్గొడతానేమోనని టెన్షన్‌గా ఉంది.
పాఠకుడు, అంబత్తూరు

జవాబు: విప్పుకోవచ్చు, ధైర్యంగా విప్పండి. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి 2019లో ఆగిపోయిన బండి అది, దాని డోర్‌లో మనకు అంతుపట్టనిది ఏమీ ఉండదు. రెండు రేకుల మధ్య అద్దం, అద్దాన్ని లేపే మిషన్, లాకు, దాన్ని కదిలించే రెండు మూడు కడ్డీలు, అంతే. వాటికి లోపలివైపు మూతగా పెట్టిన అట్టే డోర్ ప్యాడ్.

అయితే ప్యాడ్ జోలికి పోయే ముందు ఒక పని చేయండి. అవతలి డోర్ హ్యాండిల్ తీసి దీనికి తగిలించి తిప్పి చూడండి. హ్యాండిల్ లోపల సన్నటి పళ్లుంటాయి, ఏళ్ల తరబడి తిప్పి తిప్పి అవి అరిగిపోతే హ్యాండిల్ ఒక్కటే తిరుగుతూ ఉంటుంది, మిషన్ నిక్షేపంలా ఉంటుంది. అలాగైతే కొత్త హ్యాండిల్ ఒకటి కొని తగిలిస్తే మీ సమస్య అక్కడితో తీరిపోయింది. అవతలి హ్యాండిల్‌తో కూడా అద్దం కదలకపోతేనో, లోపల కరకరమని శబ్దం వస్తేనో, అద్దం ఒక పక్కకు వాలిపోయి ఉంటేనో అప్పుడు విప్పాల్సిందే.

ఈ హ్యాండిల్ దగ్గరే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే చాలా బండ్లలో బయటికి ఒక్క స్క్రూ కూడా కనపడదు. హ్యాండిల్ వెనక, ప్యాడ్‌కు ఆనుకొని ఒక గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది, ఆ బిళ్లకూ హ్యాండిల్‌కూ మధ్య లాడం ఆకారంలో ఒక స్టీలు తీగ క్లిప్పు దాక్కొని ఉంటుంది. స్క్రూడ్రైవర్ దూర్చి పొడిస్తే రెక్సిన్ చిరుగుతుందే గానీ క్లిప్పు రాదు. పాత కాటన్ గుడ్డ పొడుగ్గా చించి ఆ సందులో దూర్చి, రెండు చివర్లూ రెండు చేతుల్తో పట్టుకొని, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగండి. గుడ్డ పోగులు క్లిప్పు కొనలకు తగులుకొని దాన్ని బయటికి నెట్టేస్తాయి. ఒక వైపు నుంచి రాకపోతే గుడ్డను రెండో వైపుకు మార్చి లాగండి. వచ్చేటప్పుడు అది టప్పున ఎగిరిపోతుంది, సీటు కింద పడిందంటే వెతకలేక చస్తారు, అందుకని పక్కన ఎవరినైనా అరచేయి అడ్డం పెట్టి నిలబడమనండి. హ్యాండిల్ తీసే ముందే అది ఏ దిక్కుకు వాలి ఉందో, అద్దం ఎంత ఎత్తులో ఉందో ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి. తిరిగి పెట్టాక హ్యాండిల్ మోకాలికి తగిలే చోట ఆగిందంటే రోజూ చిరాకే.

తర్వాత స్క్రూలు. డోర్ లాగి వేసుకునే పిడికి సాధారణంగా రెండు ఉంటాయి, లోపలి నుంచి డోర్ తెరిచే హ్యాండిల్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ముక్కకు ఒకటి. కొన్నిటి మీద చిన్న మూతలుంటాయి, గోటితో లేపితే వచ్చేస్తాయి. ఇవి కాక, పాత బండి కాబట్టి ఎప్పుడో ఎవరో ప్యాడ్ ఊగుతోందని మూలల్లో దిగ్గొట్టిన స్క్రూలు కూడా ఉండొచ్చు, అంచు వెంట చేత్తో తడిమి చూడండి. సుజుకీ డిజైన్ బండ్లలో స్టార్ స్క్రూల గాడి జపాన్ కొలతలో ఉంటుంది, మనం హార్డ్‌వేర్ షాపులో కొనే మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా కూర్చోదు, గట్టిగా తిప్పగానే పైకి జారి గాడిని తినేస్తుంది. మొన అరగని రెండో నంబర్ స్క్రూడ్రైవర్ తీసుకొని, తిప్పే బలం కంటే లోపలికి నొక్కే బలం ఎక్కువ పెట్టండి. బిగుసుకుపోయిన స్క్రూ ఏదైనా ఉంటే ముందు రోజు రాత్రే దాని మీద తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి ఉంచండి.

ఇప్పుడు ప్యాడ్‌ను డోర్‌కు పట్టి ఉంచేవి క్లిప్పులు మాత్రమే. అంచు చుట్టూ, రేకు కన్నాల్లోకి నొక్కిన ప్లాస్టిక్ క్లిప్పులు ఇవి. కింది మూల నుంచి మొదలుపెట్టండి. ప్యాడ్‌కూ రేకుకూ మధ్య వేళ్లు దూరేంత సందు చేసుకొని మొదటి క్లిప్పు ఎక్కడుందో చూసి, సరిగ్గా దాని పక్కనే ప్లాస్టిక్ పట్టీ గానీ, గుడ్డ చుట్టిన వెడల్పాటి స్క్రూడ్రైవర్ గానీ పెట్టి లేపండి. రెండు క్లిప్పుల మధ్య చెయ్యి పెట్టి లాగితే అట్ట అక్కడే విరుగుతుంది, క్లిప్పు మాత్రం రేకులో అలాగే ఉండిపోతుంది. ఓమ్నీ లాంటి పాత బండ్ల ప్యాడ్ రెక్సిన్ తొడిగిన చెక్కపొట్టు అట్ట, ఒకసారి తడిసి ఆరిందంటే అప్పడంలా పెళుసు. ఒక్కొక్క క్లిప్పూ టక్ మని వదిలిన శబ్దం విన్నాకే రెండోదానికి వెళ్లండి. కింద, పక్కలా అన్నీ వదిలాక ప్యాడ్‌ను ఒక్కసారిగా మీ వైపుకు లాగకండి, కొన్ని డోర్లలో పై అంచు అద్దం దగ్గర రేకుకు కొక్కెంలా పట్టుకొని ఉంటుంది, పైకి ఎత్తితేనే వస్తుంది. లాక్ పిన్ను మీద ప్లాస్టిక్ గుబ్బ ఉంటే దాన్ని ముందే తిప్పి తీసేయండి. స్పీకర్ గానీ సెంట్రల్ లాక్ గానీ పెట్టించి ఉంటే వెనక వైర్లుంటాయి, ప్యాడ్ కొంచెం లేపి లోపల చెయ్యి పెట్టి కనెక్టర్ పళ్లు నొక్కి విడదీయండి, వైరు పట్టుకొని పీకకండి.

క్లిప్పులు కొన్ని విరుగుతాయి, దానికి కంగారు అక్కర్లేదు, విరిగేలాగానే చేసిన వస్తువు అది. కానీ ఆదివారం పని పెట్టుకుంటే కొత్తవి శనివారమే తెచ్చి పెట్టుకోండి. జి.పి. రోడ్డులో విడి క్లిప్పులు దొరుకుతాయి, పాత క్లిప్పు ఒకటి చేత్తో పట్టుకెళ్తే చాలు, బండి పేరు చెప్పడం కంటే అది నయం. మెడ లావు, తల వెడల్పు రెండూ సరిపోవాలి. మెడ సన్నదైతే ప్యాడ్ ఊగుతుంది, లావైతే పెట్టేటప్పుడు అట్ట చిట్లుతుంది.

ప్యాడ్ పక్కన పెట్టాక డోర్ రేకుకు నల్లటి జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీట్ ఒకటి కనిపిస్తుంది. దాన్ని ప్యాకింగ్ కవర్ అనుకొని చించి పారేసేవాళ్లున్నారు, రోజూ బండ్లు విప్పే చోట్ల కూడా ఉన్నారు. నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే. అద్దానికి బయటివైపు రబ్బర్ బీడింగ్ ఉంటుంది కదా, అది నీళ్లను పూర్తిగా ఆపదు, ఆపాలని పెట్టింది కూడా కాదు. అద్దం మీద పడిన వాన నీళ్లలో కొంత ఆ సందులోంచి డోర్ లోపలికి దిగి, లోపలి గోడల వెంట కారి, డోర్ అడుగున ఉన్న కన్నాల్లోంచి రోడ్డు మీద పడిపోతుంది. కోటి రూపాయల కారు డోరైనా ఇంతే. లోపలికి దిగిన ఆ నీరు, లోపలి రేకుకున్న పెద్ద ఖాళీల్లోంచి ప్యాడ్ మీదికి, అక్కడి నుంచి బండిలోకి రాకుండా అడ్డుపడేది ఆ షీట్ ఒక్కటే. షీట్ పోతే అట్ట నీళ్లు పీలుస్తుంది, ఉబ్బుతుంది, క్లిప్పు కన్నాలు వదులైపోయి ప్యాడ్ ఊగడం మొదలవుతుంది, దుమ్మూ రొదా లోపలికి వస్తాయి, చివరికి మ్యాట్ కింద ఫ్లోర్‌కు తుప్పు. ఇదంతా ఒక్క వానకు జరగదు కాబట్టి రెండేళ్ల తర్వాత ఆ తుప్పు చూసినప్పుడు షీట్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

అందుకని షీట్‌ను తీసేటప్పుడు తొందరపడొద్దు. మీకు కావలసింది పైనా పక్కనా సగం మాత్రమే అయితే అంతవరకే విప్పి, మిగతాది కిందికి మడిచి టేప్ వేసి పెట్టుకోండి. మధ్యాహ్నం ఎండలో ఆ నల్ల జిగురు పాకంలా సాగి చేతికీ చొక్కాకీ అంటుకుంటుంది, పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదలుపెడితే శుభ్రంగా వస్తుంది. షీట్ సాగకుండా, జిగురు పట్టీని వేలి గోటితో గానీ పలచటి ప్లాస్టిక్ ముక్కతో గానీ కొంచెం కొంచెంగా రేకు నుంచి విడదీయండి. తీసిన జిగురు మీద మట్టి పడనివ్వకండి, అదే తిరిగి అంటుకుంటుంది. షీట్ కింది అంచు ఎలా ఉందో బాగా గమనించండి. చాలా డోర్లలో అది రేకు సందులోంచి డోర్ లోపలికి దోపి ఉంటుంది. షీట్ మీద పడిన నీరు జారి మళ్లీ డోర్‌లోకే పోవాలని అలా పెడతారు. తిరిగి పెట్టేటప్పుడు ఆ అంచు బయట వేలాడేశారంటే నీళ్లన్నీ మీ ప్యాడ్ వెనకే.

లోపల చెయ్యి పెట్టే ముందు గ్లవ్స్ వేసుకోండి. రేకు ఖాళీల అంచులు బ్లేడులా కోస్తాయి, మోచేతి దగ్గర కోసుకున్నాక గానీ తెలియదు. అద్దాన్ని చేత్తో పైకి ఎత్తిపట్టి, ఫ్రేము మీదుగా అటూ ఇటూ గట్టి టేపు వేయండి, మిషన్ బోల్టులు వదులు చేయగానే అద్దం డోర్ అడుక్కి పడిపోయే ప్రమాదం ఉంది. ఇక టార్చ్ వేసి చూడండి. మిషన్ చివరనున్న ప్లాస్టిక్ చక్రం అద్దం కింది పట్టీలోంచి తప్పుకుంటే, శుభ్రం చేసి, గ్రీజు రాసి, తిరిగి ఎక్కిస్తే సరిపోతుంది. అద్దమే ఆ పట్టీలోంచి ఊడిపోయి ఉంటే మధ్యలో రబ్బర్ మార్చి సబ్బు నీళ్లు రాసి కూర్చోబెట్టాలి. మిషన్ పళ్లే అరిగిపోతే, కేబుల్ రకమైతే కేబులే తెగిపోతే రిపేరు మీద డబ్బు పెట్టకండి, మిషన్ మొత్తం మార్చండి. పాతది కావాలంటే పుదుప్పేటలో వెతకొచ్చు, కానీ అక్కడే తిప్పి చూసి, కుడిదో ఎడమదో సరిచూసుకొని తీసుకోండి.

డోర్ విప్పిన రోజే అడుగున కన్నాలు కూడా చూసేయండి. మట్టి, ఆకులు, పాత రబ్బర్ పొడి అక్కడే పేరుకుంటాయి. సన్నటి తీగతో పొడిచి, ప్యాడ్ పెట్టకముందే, షీట్ మాత్రం అంటించి, అద్దం పైకి ఎత్తి, బయటి నుంచి అద్దం మీద మగ్గుతో నీళ్లు పోయండి. పావు బకెట్ పోస్తే చాలు. అడుగున కన్నాల్లోంచి ధారగా కారాలి, షీట్ ఇవతలి వైపు వేలు పెట్టి చూస్తే పొడిగా ఉండాలి. ఎక్కడన్నా తడి తగిలితే అక్కడ జిగురు మళ్లీ నొక్కండి. ఈ పరీక్ష చేయకుండా ప్యాడ్ మూసేస్తే మీ పని ఎలా కుదిరిందో వాన పడేదాకా తెలియదు.

మూసేటప్పుడు క్లిప్పులన్నీ ముందు ప్యాడ్‌కు తగిలించాలి, రేకులో ఇరుక్కున్నవి ప్లయర్‌తో లాగి తీసేయండి. పై అంచు ముందు కూర్చోబెట్టి, లాక్ పిన్ను కన్నంలోకి వచ్చిందో లేదో చూసి, వైర్లు తగిలించి, అప్పుడు పై నుంచి కిందికి ఒక్కో క్లిప్పు మీద అరచేత్తో గుద్దుకుంటూ రండి. కన్నానికి ఎదురుగా లేని క్లిప్పును బలంగా గుద్దితే అది మడతపడుతుంది, ఒక్క క్షణం వంగి చూసి కొట్టండి. లాడం క్లిప్పును హ్యాండిల్‌కు ముందే తొడిగి, హ్యాండిల్‌ను ఫోటోలో ఉన్న దిక్కుకే పెట్టి అరచేత్తో ఒక్క దెబ్బ వేస్తే అదే పట్టుకుంటుంది. డోర్ గట్టిగా వేసే ముందు, డోర్ తెరిచి ఉండగానే లోపలి హ్యాండిలూ బయటి హ్యాండిలూ లాకూ మూడూ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. కడ్డీ ఒకటి తగిలించడం మర్చిపోయి డోర్ మూసేస్తే తెరవడం పెద్ద పని.

ప్రశ్న: సార్, మా నాన్నగారి మారుతి ఈకో వ్యాన్‌కు ముందు డోర్లలో స్పీకర్లు పెట్టించాం. అప్పటి నుంచి వాన పడితే ఎడమ పక్క కాళ్ల దగ్గర మ్యాట్ తడుస్తోంది. పెట్టిన షాపు వాళ్లు మాకు సంబంధం లేదు, ముందు అద్దం రబ్బర్ లీకవుతోంది అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
పాఠకురాలు, పెరంబూర్

జవాబు: ఎవరి మాటా నమ్మక్కర్లేదమ్మా, నీళ్లే చెబుతాయి. మ్యాట్ తీసి కింద పూర్తిగా తుడిచి ఆరబెట్టండి. డోర్ ప్యాడ్ కింది అంచు కింద, గడప మీద పొడుగ్గా పాత పేపర్ పరచండి, డ్యాష్‌బోర్డ్ కింద ఫ్లోర్ మీద ఇంకో పేపర్. ఇప్పుడు డోర్లు మూసి, పైపుతో ఎడమ డోర్ అద్దం మీద మాత్రమే, ముందు అద్దం మీద పడకుండా, అయిదు నిమిషాలు నెమ్మదిగా నీళ్లు వదలండి. గడప పేపర్ తడిస్తే డోర్ తప్పు. అది పొడిగా ఉండి, తర్వాత ముందు అద్దం మీద పోసినప్పుడు డ్యాష్‌బోర్డ్ కింద పేపర్ తడిస్తే షాపు వాళ్ల మాట నిజం.

నా అంచనా మాత్రం డోరే. స్పీకర్ పెట్టడానికి షీట్‌లో గుండ్రంగా కోత పెడతారు, దాన్ని తిరిగి మూయరు. నీళ్లు ఆ కోతలోంచి స్పీకర్ వెనక్కి వచ్చి ప్యాడ్ లోపల కారుతాయి, కొన్నాళ్లకు స్పీకర్ అట్ట కూడా మెత్తబడి గరగరలాడుతుంది. ప్యాడ్ విప్పించి చూడండి, విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి కాసేపు ఆగమనండి. ఎయిర్‌బ్యాగ్‌లున్న కొత్త బండి అయితే ఇది తప్పనిసరి.

షీట్‌లో కోత ఒక్కటే ఉంటే స్పీకర్ వెనక ప్లాస్టిక్‌తో గొడుగులా ఒక ముక్క అంటించి, నీళ్లు స్పీకర్ పైనుంచి పక్కకు జారేలా చేస్తే సరిపోతుంది. షీట్ చిరిగి పీలికలై ఉంటే అతుకులు వేయొద్దు, కొత్తది కోసుకోండి. హార్డ్‌వేర్ షాపులో మందపాటి పాలిథిన్ మీటరు లెక్కన దొరుకుతుంది, పాత షీట్‌ను దాని మీద పరిచి గీత గీసి, కింది అంచు మాత్రం నాలుగు వేళ్లు ఎక్కువ వదిలి కోయాలి. అంటించడానికి రేకుల షెడ్డు అతుకులకు వాడే బ్యూటైల్ టేపు బాగా పనిచేస్తుంది, ఎప్పటికీ గట్టిపడదు, రేపు మళ్లీ విప్పాల్సి వచ్చినా లాగితే వచ్చేస్తుంది. సిలికాన్ పెడతామంటే వద్దనండి. పులుపు వాసన కొట్టే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు వదిలేది వెనిగర్‌లో ఉండే ఆసిడే, పెయింటు గీసుకుపోయిన రేకు మీద అది తుప్పుకు దారి చేస్తుంది. పైగా మళ్లీ విప్పేటప్పుడు షీట్ ముక్కలు ముక్కలుగా చిరిగి వస్తుంది.

షాపుకు వెళ్లినప్పుడు గొడవ పెట్టుకోకుండా తడిసిన పేపర్ ఫోటోలు చూపించి, షీట్ మీ ఎదురుగానే వేయమనండి. స్పీకర్లు పెట్టినవాళ్లే దాన్ని మూసి ఇవ్వాలి, అది అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: డోర్ ప్యాడ్ విప్పి పెట్టాను, అన్నీ సరిగ్గానే కూర్చున్నాయి. కానీ గతుకుల్లో డోర్ లోపల టకటకమంటోంది.
పాఠకుడు, కె.ఆర్. పురం, బెంగళూరు

జవాబు: బండి ఆపి డోర్ మీద పిడికిలితో అక్కడక్కడా తట్టి చూడండి, శబ్దం ఎక్కడ వస్తుందో తెలుస్తుంది. ఎక్కువసార్లు లాక్ కడ్డీయే. రేకుకు తగలకుండా దానికి ఒక ప్లాస్టిక్ పట్టు గానీ ఫోమ్ ముక్క గానీ ఉంటుంది, విప్పినప్పుడు అది కింద పడిపోయి ఉంటుంది. కడ్డీకి ఫెల్ట్ టేపు చుట్టండి. అది కాకపోతే డోర్ అడుగున స్క్రూ ఒకటి పడి దొర్లుతూ ఉండొచ్చు, దారం కట్టిన అయస్కాంతం దింపితే వస్తుంది. దాన్ని అలాగే వదిలేయకండి, నీళ్లు పోయే కన్నంలో అడ్డం పడితే డోర్ అడుగు కుళ్లిపోతుంది.

ప్రశ్న: అన్నా, ముడిచ్చూర్‌లో మా వీధిలో ప్రతిసారీ నీళ్లొస్తాయి. ఈసారి మా వ్యాన్ సగం డోర్ దాకా మునిగింది. ఇంజిన్ బాగు చేయించాం. కానీ డోర్ ప్యాడ్లు కింద ఉబ్బి రెక్సిన్ లేచిపోయింది, లోపలంతా ముక్క వాసన. కొత్త ప్యాడ్లు దొరకట్లేదు, పాతవి ఎండబెట్టి వాడుకోవచ్చా?
పాఠకుడు, ముడిచ్చూర్

జవాబు: ఎండబెడితే వాసన తగ్గుతుంది గానీ అట్ట మాత్రం మళ్లీ పాత మందానికి రాదు. చెక్కపొట్టు అట్ట ఒకసారి ఉబ్బితే పొరలు విడిపోతాయి, క్లిప్పు అందులో నిలవదు. పాడైంది కింద రెండు వేళ్ల మేరే అయితే వెనకవైపు సన్నటి ప్లాస్టిక్ షీట్ ముక్క జిగురుతో అంటించి క్లిప్పు కన్నం కొత్తగా వేసుకోవచ్చు. అంతకు మించితే కొత్తవి చేయించండి, అదేమంత కష్టం కాదు.

అయితే ప్యాడ్ కంటే ముందు డోర్ సంగతి చూడాలి, ఇంకా చూడకపోతే ఈ వారమే చూడండి. వరద నీళ్లతో పాటు వచ్చిన బురద డోర్ అడుగున గడ్డకట్టి కన్నాలు మూసేసి ఉంటుంది. అన్ని డోర్ల ప్యాడ్లూ తీసేసి, షీట్లు విప్పి, మంచినీళ్ల పైపు లోపలికే పెట్టి, కింద కన్నాల్లోంచి తేట నీళ్లు వచ్చేదాకా కడగండి. డోర్లు తెరిచి ఎండలో రెండు మూడు రోజులు వదిలేయండి, లాక్‌లో, అద్దం మిషన్‌లో పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టండి. అడుగు అతుకుల్లో తుప్పు మొదలై ఉంటే గీకి ప్రైమర్ వేయించండి, టింకరింగ్ వాళ్లు కన్నాల మీదుగా పుట్టీ, పెయింటు వేసి మూసేయకుండా దగ్గరుండి చూసుకోండి. డోర్ కింద నున్నగా కనిపించాలని అలా మూసేస్తారు, మళ్లీ వానాకాలానికి డోర్ నీళ్ల తొట్టి అవుతుంది. తడిసిన పాత షీట్లు వెనకవైపు బురద పట్టి ఉంటాయి, కడిగినా జిగురు పట్టదు, కొత్తవి కోసుకోండి.

ప్యాడ్‌కు మళ్లీ అదే అట్ట వాడకండి. 3 మిల్లీమీటర్ల ఏబీఎస్ ప్లాస్టిక్ షీట్ గానీ పీవీసీ ఫోమ్ షీట్ గానీ తీసుకుంటే ఎన్నిసార్లు తడిసినా ఉబ్బదు. పాత ప్యాడ్ ఎంత ముక్కలైనా పారేయొద్దు, అదే మీ కొలత. దాని రెక్సిన్ ఊడదీసి, కొత్త షీట్ మీద పరిచి, చుట్టూ గీత గీయడంతో పాటు క్లిప్పు కన్నాలు, హ్యాండిల్ కన్నం, స్క్రూ కన్నాలు అన్నీ గుర్తు పెట్టి, రెక్సిన్ వేయకముందే కోసి, డోర్ మీద ఒకసారి పెట్టి చూడాలి. క్లిప్పు కన్నాలు రేకు కన్నాలకు ఎదురుగా వచ్చాయని తేలాకే కుషన్ షాపుకు పట్టుకెళ్లండి. అక్కడ చెప్పాల్సినవి రెండే. రెక్సిన్ వెనక్కి మడిచేది ఒక అంగుళమైనా ఉండాలి, లేకపోతే మన ఎండకు జిగురు వదిలి అంచు లేచిపోతుంది. మెత్తగా ఉంటుందని లోపల లావు ఫోమ్ వేయొద్దు, ఫోమ్ లావైతే గ్లాస్ హ్యాండిల్ ఇరుసు మీద పూర్తిగా కూర్చోదు, లాడం క్లిప్పు పట్టదు, రెండు రోజులకే హ్యాండిల్ చేతిలోకి ఊడి వస్తుంది.

మళ్లీ నీళ్లొస్తాయని హెచ్చరిక విన్నప్పుడు బండిని ఎత్తు రోడ్డు మీదో ఫ్లైఓవర్ మీదో పెట్టుకోవడం తప్ప ప్యాడ్లను కాపాడే మార్గం వేరే లేదు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానప్పుడు చెన్నై జనం చేసింది అదే.

ప్రశ్న: ఈకో పక్కకు జరిగే డోర్ లోపలి ప్యాడ్ కూడా ఇలాగే వస్తుందా? డోర్ జరపడం కూడా బరువుగా ఉంది, రెండు పనులూ ఒకేసారి అవుతాయని.
పాఠకుడు, రెడ్‌హిల్స్

జవాబు: పద్ధతి అదే. హ్యాండిల్ దగ్గర స్క్రూలు, తర్వాత అంచు క్లిప్పులు. బండిని సమతలంగా ఉన్న చోట ఆపి, డోర్ సగం తెరిచి, అది జరగకుండా పట్టాలో చెక్క ముక్క అడ్డం పెట్టండి. చేయి లోపల ఉండగా డోర్ జారి మూసుకుంటే వేళ్లు నలిగిపోతాయి. ప్యాడ్ తీశాక కనిపించే బోల్టుల్లో ఏవి రోలర్ల బ్రాకెట్లవో, ఏవి లాక్‌వో తెలియకుండా ఏదీ వదులు చేయకండి. రోలర్ బ్రాకెట్ కదిలిందంటే డోర్ వాలుతుంది, మళ్లీ సందులు కుదర్చడం ఒక్కరి వల్ల కాదు, ఆ డోర్ చాలా బరువు.

జరపడం బరువుగా ఉన్నదానికి ప్యాడ్ విప్పే పనే లేదు. పైన, మధ్యలో, కింద ఉన్న పట్టాల్లో పాత గ్రీజు ఇసుకతో కలిసి ముద్దయి ఉంటుంది. ముఖ్యంగా కింది పట్టా, అందరూ ఎక్కి దిగేటప్పుడు మట్టి అక్కడే పడుతుంది. కిరోసిన్ గుడ్డతో పూర్తిగా తుడిచి, రోలర్ ఒక్కొక్కటీ వేలితో తిప్పి చూడండి. తిరిగితే పలచగా కొత్త గ్రీజు రాస్తే చాలు, తిరగకుండా పట్టేసిన రోలర్ ఉంటే దాన్ని మార్పించండి, గ్రీజుతో అది బాగుపడదు. అప్పటికీ డోర్ బరువుగానే ఉంటే రోలర్ బ్రాకెట్ వంగి ఉండొచ్చు, అది ఇద్దరు మనుషులున్న షెడ్డులో చేయించుకోవాల్సిన పని.